గడప బయట ఒక జత

కోవిల్‌పట్టి
మార్చి 14

మామకు,

ప్రియ నమస్కరించి రాసేది. ఈ కవరు చూసి నువ్వు నవ్వుతావని తెలుసు. బస్సెక్కితే గంటలో వచ్చే విరుదునగరానికి ఉత్తరమేమిటి అంటావు. కానీ ఫోనులో నువ్వు సగం మాట విని ఇంకేదో జవాబు చెబుతున్నావు. మొన్న కాళ్ళ సంగతి అడిగితే ఇడ్లీ తిన్నానన్నావు. పేలుడు మోత చెవుల్లోంచి పోవడానికి కొన్ని నెలలు పడుతుందని డాక్టర్ చెప్పినట్టు గాంధిమతి అత్త చెప్పింది. వాట్సాప్‌లో రాద్దామంటే నీ ఫోను నిన్ను చూడటానికి వచ్చే స్టేషన్ వాళ్ళందరి చేతుల్లోనూ తిరుగుతుంది. తెలుగు అక్షరాలైతే వాళ్ళెవరికీ రావు. పొన్నయ్య తాత నీకూ నాకూ ఒకే పలక మీద నేర్పిన అక్షరాలు ఇన్నాళ్ళకు పనికొచ్చాయి.

అసలు సంగతి. నాకు కానిస్టేబుల్ ఆర్డరు వచ్చింది. జూలైలో ట్రైనింగ్‌లో చేరాలి. అమ్మ ఆ కాగితాన్ని మడిచి పిండి డబ్బా కింద పెట్టింది. మూడో రోజు అగ్గిపెట్టెల కంపెనీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ అంది.

"నీ మామ యాల లోపలికి పోయినాడో అడుగు. వాడు చెప్పేది నాకు సరిపడితే నువ్వు పో. లేకుంటే నాతోబాటు పెట్టెలు కట్టు."

"నీ తమ్ముడే కదా, నువ్వే అడుగు" అన్నాను.

"నేను వానితో మాట్లాడను."

ఆసుపత్రిలో నీ కాళ్ళు చూసిన రోజు నుంచీ అదే మాట. నాన్న పోయాక మేమిద్దరమే కదా మామా. అమ్మ వద్దంటే నేను పోను. పోలేను.

అమ్మ అడగకపోయినా నేను అడిగేదాన్నేమో. కోచింగ్‌లో ఈ ప్రశ్నకు జవాబు బట్టీ పట్టించారు. ప్రజాసేవ, కర్తవ్యం, అలా. నేను గడగడా చెప్పేస్తాను. చెప్పిన ప్రతిసారీ నాకే అనుమానం. నీకు ఎవరూ ఆ టపాసుల గది లోపలికి పొమ్మని ఆర్డరు ఇవ్వలేదు. ఎందుకు పోయావు?

ప్రియ


విరుదునగరం, పోలీసు క్వార్టర్స్
మార్చి 22

ప్రియకు మామ ఆశీస్సులు.

ఆర్డరు వచ్చినందుకు సంతోషం. పరుగు మానకు. ఇంట్లో కూర్చుంటే రెండు వారాల్లో ఊపిరి తగ్గిపోతుంది.

కాళ్ళకు కట్లు మారుస్తున్నారు. అరికాళ్ళలో కొత్త తోలు వస్తోంది. దుప్పటి అంచు తగిలినా మండుతుంది. ఆ రోజు నాతో ఉన్న ఏట్టు పేచ్చిముత్తు, అదే మా హెడ్ కానిస్టేబుల్, వచ్చి చూసిపోయాడు. స్టేషన్‌లో నాకు 'చెప్పుల పోలీసు' అని పేరు పెట్టారట. ఆయనే పెట్టి ఉంటాడు.

అక్కకు ఇలా చెప్పు. ప్రభుత్వం జీతం ఇస్తోంది, తీసుకుంటున్నాను. పోవలసిన చోటికి పోయాను. అంతే.

అత్త శ్రీవిల్లిపుత్తూరు పాల్‌కోవా పంపుతోంది. ఎవరో నన్ను చూడటానికి వచ్చినవాళ్ళు తెచ్చారు. నాకు తీపి సహించడం లేదు.

తంగపాండి


కోవిల్‌పట్టి
ఏప్రిల్ 2

మామకు,

నీ జవాబు అమ్మకు చదివాను. చదవడం అయ్యేలోపే అంది, "జీతం ఆ ఇన్‌స్పెక్టరుకూ ఇస్తారు గదా. వీనికన్నా ఎక్కువే ఇస్తారు. ఆయన గేటు దగ్గరే నిలబడినాడని పేపర్లో వేసినారే."

పాల్‌కోవా మాత్రం తింది. కోపం నీ మీదే గాని కోవా మీద కాదట.

పేపర్లో నీ గురించి రెండు వాక్యాలే ఉన్నాయి. 'ఖాళీ గదిలోకి వెళ్ళిన ఒక కానిస్టేబుల్‌కు గాయాలయ్యాయి.' అమ్మ ఆ 'ఖాళీ' అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఒకర్ని మోసుకొచ్చి కాళ్ళు కాల్చుకుని ఉంటే ఆమెకు ఇంత కోపం ఉండేది కాదేమో. వీధిలో ఎవరైనా "మీ తమ్ముడు ఎవరిని కాపాడినాడు" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక లోపలికి వచ్చేస్తోంది.

మొదటి నుంచీ చెప్పు మామా. నువ్వు అక్కడికి ఎలా పోయావో కూడా మాకు సరిగా తెలియదు.

ప్రియ


విరుదునగరం
ఏప్రిల్ 12

ప్రియకు,

ముందు ఇన్‌స్పెక్టర్ సంగతి. ఆయన గేటు దగ్గర నిలబడకపోతే ఊరంతా తోసుకుని లోపలికి వచ్చేది. వాళ్ళ అమ్మలు, అక్కలు లోపల పనిచేస్తున్నారు మరి. అందర్నీ ఆపి, తిట్లు తిని, రాయి దెబ్బ కూడా తిన్నాడు. అది చిన్న పని కాదని అక్కకు చెప్పు.

ఆ రోజు శివరాత్రి మరునాడు. కులదైవం గుడి దగ్గర బందోబస్తు ముగించుకుని నేనూ పేచ్చిముత్తు ఏట్టూ బైకు మీద వస్తున్నాం. పొలాల అవతల టపాసుల కంపెనీ మీద తెల్లటి పొగ లేచింది. తర్వాత శబ్దం వచ్చింది. మేము పోయేసరికి ఫైరింజను ఇంకా రాలేదు.

ఆ కంపెనీల్లో గదులు విడివిడిగా, వరుసగా ఉంటాయి. ఒక గది అంటుకుంటే పక్కది అంటుకోకూడదని. అది మధ్యాహ్నం కూడు వేళ. అందరూ దూరంగా వేప చెట్ల కింద ఉన్నారు. మొదటి గదిలో మిగిలిన పని ముగిద్దామని ఆగిన ఇద్దర్నీ తోటి పనివాళ్ళే ఈడ్చుకొచ్చారు. వాళ్ళు మదురై ఆసుపత్రిలో ఉన్నారు, బతికారు. పక్క గది ఇంకా అంటుకోలేదు. తలుపు తెరిచి ఉంది, లోపల పొగ. గడప బయట ఒక జత ఆడవాళ్ళ చెప్పులు ఉన్నాయి.

మందు ఉన్న గదిలోకి ఎవరూ చెప్పులతో పోరని నీకు చెప్పక్కర్లేదు. చెప్పు కింద ఒక ఇసుక రేణువు రాసుకున్నా చాలు, నిప్పు పుడుతుంది. మిగతా గదుల ముందు ఒక్క చెప్పు లేదు. అందరూ వేసుకుని కూటికి పోయారు. ఈ గది ముందు మాత్రం జత ఉంది. "ఎవరి చెప్పులివి" అని అరిచాను. ఎవరూ జవాబు చెప్పలేదు. పేచ్చిముత్తుది తూత్తుకుడి. ఉప్పు మళ్ళ వాళ్ళకు ఇది తెలియదు. "లోపల ఎవరూ లేరప్పా, వచ్చెయ్" అని కేకలేశాడు.

లోపలికి పోయాను. బల్ల కింద, బస్తాల వెనక చూశాను. ఎవరూ లేరు. తిరిగేలోగా మొదటి గదిలో మిగిలిన సరుకు పేలింది. దాని గోడ ఎగిరి ఈ గది మీద పడింది. నేల మీద రాలిన మందు అంటుకుంది. దాని మీద నుంచి బయటికి నడిచే వచ్చాను. ఆ తర్వాత నడవలేదు.

ఆలోచించడానికి టైం లేదు. ఆలోచిస్తే ఎవరూ పోరు. అక్కకు ఇది చెప్పు.

తంగపాండి


కోవిల్‌పట్టి
ఏప్రిల్ 20

మామకు,

చెప్పాను. అమ్మ చాట పక్కన పెట్టి అడిగింది.

"ఆలోచించేదానికి టైము లేదంట. బూట్లు విప్పేదానికి ఉండిందా?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఆసుపత్రిలో అత్త చేతిలో ఒక కవరు ఉందట. అందులో నీ బూట్లు. మాడలేదు, మసి కూడా లేదు. లేసులు విప్పి ఉన్నాయి. మేజోళ్ళు లోపల దోపి ఉన్నాయి. "బడికి పోయ్యేటప్పుడు చేసినట్లే చేసినాడు" అంది. బూట్లతో పోయి ఉంటే నీ కాళ్ళు ఇంతగా కాలేవి కావని డాక్టర్ చెప్పినప్పుడే అమ్మ వార్డులోంచి లేచి వచ్చేసిందట. నాకు ఇన్నాళ్ళూ చెప్పలేదు.

నిజమేనా మామా? మంట పక్కన కూర్చుని లేసులు విప్పావా?

ఇంకొకటి. ఆ చెప్పులు ఎవరివో తెలుసుకోవాలని ఉంది. మా వీధి చివర రాజాత్తి అక్క ఆ కంపెనీకే బస్సులో పోయేది. ఇప్పుడు కంపెనీ మూశారు, ఇంట్లోనే ఉంది. అడుగుతాను. ఆ మనిషి ఒకసారి వచ్చి అమ్మతో మాట్లాడితే అమ్మ కోపం తగ్గుతుందేమో.

ప్రియ


విరుదునగరం
మే 3

ప్రియకు,

ఈ ఉత్తరం అక్కకు చదవవద్దు.

బూట్లు విప్పింది నిజం. నా బూట్ల మడమకు ఇనుప బిళ్ళ ఉంటుంది. మందు రాలిన నేల మీద ఆ ఇనుముతో పోతే లోపల మనిషి ఉన్నా లేకున్నా నేనే ఆ గదిని అంటించేవాడిని. ఇది తెలివిగా ఆలోచించి చేసిన పని అని చెప్పుకోవచ్చు. విచారణకు వచ్చిన అధికారి అడిగితే 'ఊడిపోయాయి' అన్నాను. ఆయన రాసుకున్నాడు.

నిజానికి ఆలోచించి చేయలేదు. చిన్నప్పుడు అక్కకు కాఫీ తీసుకుని కంపెనీకి పోయేవాణ్ణి. ఒకసారి చెప్పులతో మందు గదిలోకి పోబోయాను. అక్క ఎవరినీ ఎప్పుడూ కొట్టదు కదా. ఆ రోజు అందరి ముందూ కొట్టింది. చెంప వాచింది. ఆ తర్వాత అలాంటి గడప చూస్తే నా చేతులు వాటంతటవే కాళ్ళ దగ్గరికి పోతాయి. పోలీసు శిక్షణలో ఎన్నో నేర్పారు, ఏదీ అంత లోతుకు పోలేదు.

ఆ దెబ్బ వల్లే కాళ్ళు కాలాయని అక్క అనుకుంటుంది. అందుకే చదవవద్దు.

చెప్పుల సంగతి వదిలెయ్. ఎవరివైతే ఏం? తన చెప్పుల వల్ల ఒకడు మంచాన పడ్డాడని ఒక ఆడమనిషికి ఎందుకు తెలియాలి? రాజాత్తిని అడగకు.

నిన్న గోడ పట్టుకుని వంటింటి దాకా పోయాను.

తంగపాండి


కోవిల్‌పట్టి
మే 15

మామకు,

రెండు తప్పులు చేశాను. మొదటిది, అమ్మ దగ్గర దాచలేకపోయాను. 'ఆరోగ్యం బాగుందట' అని కాగితం మడవబోయాను. "అంత కాగితంలో అదొకటే రాసినాడా? చదువు" అంది. చదివాను. దెబ్బ సంగతి వచ్చినప్పుడు తల ఎత్తలేదు. కడిగిన గిన్నెలనే మళ్ళీ కడిగింది.

రెండోది, నీ ఉత్తరం రాకముందే రాజాత్తి అక్క దగ్గరికి పోయాను.

"ఆ చెప్పులు ఎవరివక్కా?" అన్నాను.

"ఏ చెప్పులు?"

ఆ గది ముందర ఉన్నవని చెప్పాను.

"అవా? అవి ఎవురివీ కావు పాపా. కక్కూసు దొడ్డికి పోయ్యేదానికి పెట్టినవి. సొంత చెప్పుల్తో ఆ బురదలో ఎవురు తొక్కుతారు? ఎవురికి కావాలంటే వాళ్ళు తొడుక్కుని పోయి, వచ్చి ఆడే విడిచేస్తారు."

"మామ అరిచినాడంట కదా, ఎవరి చెప్పులని."

"అరిచినాడా? ఆ మోతలో ఏమి వినపడతాది? మేము మనుషుల్ని చూసుకుంటా ఉంటిమి పాపా, చెప్పుల్ని కాదు." మళ్ళీ తనే అడిగింది. "దానికా ఆయన లోపలికి పోయినాడు?"

నేను తల ఊపాను. ఆమె లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. నీ మీద ఇంకా కోపం వస్తుందనుకున్నాను.

"మా కంపెనీలోనూ అట్లా ఒక జత ఉండాది" అంది. "అప్పుడూ ఉండింది, ఇప్పుడూ ఉండాది. కాఫీ తెచ్చినప్పుడంతా వాడు దాన్ని తొడుక్కుని ఈడ్చుకుంటా తిరుగుతా ఉండె. వాని కాళ్ళకన్నా పెద్దవి. వద్దురా అంటే వినడు. ఆ జత చూస్తే వానికి తెలీదా?"

అమ్మే మళ్ళీ అంది. "తెలీకపోతే మోసపోయినాడు. తెలిసి పోయినాడంటే యాల పోయినాడు? అడుగు."

మామా, నీకు తెలుసా?

ప్రియ


విరుదునగరం
జూన్ 1

ప్రియకు,

ఇది అక్కకు చదివి వినిపించు. పూర్తిగా.

తెలుసు.

దూరం నుంచి చూసినప్పుడు ఎవరివో ఆడవాళ్ళ చెప్పులు అనుకున్నాను. దగ్గరికి వచ్చాక ఒకదానికి పట్టీ తెగి, గోనె దారంతో కట్టి ఉండటం కనబడింది. సొంత చెప్పుకు ఎవరూ అలా కట్టుకోరు. మడమల దగ్గర రకరకాల పాదాలు తొక్కిన అరుగు ఉంది. కక్కూసు జత అని అప్పుడే తెలిసింది. 

అక్క అడిగింది నిజం. టైం ఉండింది. ఎడమ బూటు లేసు ముడిపడి రాలేదు. ఆ ముడి విప్పుతున్నంత సేపూ, ఇవి ఎవరివీ కావు, లోపల ఎవరూ లేరు, లేచి వెనక్కి పో అని నాకు నేనే చెప్పుకున్నాను. భయం వేసింది. పేచ్చిముత్తు పిలుస్తున్నాడు. వెనక్కి పోయి ఉంటే ఎవరూ ఒక్క మాట అనేవాళ్ళు కాదు.

అవి ఒకరి చెప్పులైతే పని సులువు. రాజాత్తి చెప్పులైతే, 'రాజాత్తి ఇదిగో ఇక్కడే ఉంది' అని ఎవరో ఒకరు చెబుతారు. ఇవి ఎవరివీ కావు. అందుకే నావి, నేను బయటే ఉన్నాను అని చెప్పేవాళ్ళు లేరు. ఎవరైనా వాటిని తొడుక్కుని కక్కూసుకు పోయి వచ్చి, అక్కడ విడిచి, లోపల కాసేపు పడుకుని ఉండవచ్చు. లేకపోవడానికే ఎక్కువ వీలుంది. కానీ లేరని చెప్పాలంటే ఒకరు పోయి చూసి రావాలి. అక్కడ ఉన్నది నేను.

నువ్వు చేరాక నీకే తెలుస్తుంది. మా పని చాలా రోజులు ఇదే. ఒక తలుపు తట్టడం, ఒక బావిలోకి లైటు వేసి చూడటం, ఆగి ఉన్న లారీ కింద వంగి చూడటం. ఎక్కువసార్లు ఎవరూ ఉండరు. ఎవరూ లేరని చెప్పి టీ తాగి వచ్చేస్తాం. ఆ గది కూడా అలాంటిదే. కాకపోతే అది మండింది.

కోచింగ్‌లో చెప్పే జవాబులా లేదు ఇది. నా దగ్గర ఇంతకన్నా లేదు. ముందే ఎందుకు చెప్పలేదంటే, మోసపోయాడు అంటే అక్క ఏదో ఒక రోజు మాట్లాడుతుంది, తెలిసీ పోయాడు అంటే మాట్లాడదు అనుకున్నాను.

నీ ఆర్డరు గురించి నేను ఏమీ చెప్పను. ఈ ఉత్తరం విన్నాక అక్క వద్దంటే ఆమె మీద కోపం తెచ్చుకోకు.

తంగపాండి


కోవిల్‌పట్టి
జూన్ 12

ఒరే తంగపాండీ,

నేను చెప్పేది చెప్పినట్లే రాయమంటిని. ప్రియ దిద్దిందంటే మళ్ళీ చదివించుకున్నప్పుడు తెలిసిపోతాది నాకు.

నీ ఉత్తరం రెండు తూర్లు చదివించుకుంటిని. నువ్వు చెప్పింది నాకు నచ్చిందని అనుకోవద్దు. ఖాళీ గదిలోకి పోయి కాళ్ళు కాల్చుకున్నోనికి మెడల్ ఇచ్చేదానికి నేను ఎస్పీని కాదు. ఆ దెబ్బ సరిగ్గానే కొడితిని. చెప్పుల్తో వస్తే ఈ పొద్దు కూడా కొడతాను. నువ్వు దాన్ని దాచి దాచి ప్రియకు రాసింది మాత్రం బాగాలేదు. నాకేమి, విని పడిపోతానా?

నీ ఉత్తరం విన్న మరునాడు కంపెనీకి పోతిని. మా గది ముందర ఆ జత ఉండింది. నేను చేరినప్పటి నుంచి ఎన్ని జతలు మారినాయో, అట్లా ఒకటి ఆడ ఉంటానే ఉండాది. ఎప్పుడూ దాన్ని చూసింది లేదు. ఆ పొద్దు దాన్ని దాటి లోపలికి పోయ్యేదానికి కాలు రాలే. చేత్తో ఎత్తుకుని పోయి కక్కూసు గోడకు మేకు కొట్టి తగిలిస్తిని.

సూపర్‌వైజరు మునియాండి చూసి, "ఏమక్కా, కక్కూసుకు దిష్టి తగిలిందా" అని నవ్వినాడు.

"రేపు ఈడ మంట లేస్తే మా తమ్మునట్లా ఒకడు వస్తాడు. గడప కాడ జత చూసినాడంటే లోపలికి పోతాడు. నువ్వు పోవు గదా" అంటిని.

ఇప్పుడు అందరూ ఆడి దాకా వట్టి కాళ్ళతో పోవాల్సి వస్తాది. ముండ్లు గుచ్చుకుంటాయని నన్ను తిడతా ఉండారు. రాజాత్తి మా కంపెనీలో చేరింది. అది మాత్రం తిట్టలే. రోజూ కూడు వేళ గడపలన్నీ చూసి వస్తా ఉండాది.

ప్రియను పంపిస్తాను. నీ జవాబు సరిపడి కాదు. నీ ఉత్తరం చదివేటప్పుడు దీని మొగం చూస్తిని. ఈడ కూర్చోబెట్టి పెట్టెలు కట్టిస్తే చేతులే కడతాయి, మనిషి ఉండదు. పోనీ. జూలైలో నువ్వే వచ్చి పిలుచుకుని పో. నడవగలిగితే బస్టాండు నుంచి నడిచి రా, లేకుంటే ఆటోలో రా. నాటుకోడి ఉండాది. వచ్చినప్పుడు మాట్లాడతాను. చెవులు వినపడకపోతే గట్టిగా మాట్లాడతాను.

దానికి బూట్లు కొనాలంట. మడమకు ఇనుము లేనివి, లోపలికి పోయ్యేటప్పుడు విప్పే పని లేనివి దొరుకుతాయా అని మీ ఏట్టును అడుగు. దొరికితే రెండు జతలు తీసుకో.

అళగమ్మాళ్